ఎయిబార్: 27 వేల జనాభా, ఏడేళ్ల లా లీగా. ఈ క్లబ్బు చరిత్రను ఎలా చదవాలి?

మైదానం_అంచు:

స్పెయిన్ ఫుట్‌బాల్ అనగానే మాడ్రిడ్, బార్సిలోనాల దగ్గరే మన చర్చలన్నీ ఆగిపోతున్నాయి కాబట్టి, ఈసారి ఒక చిన్న పట్టణపు క్లబ్బు గురించి వివరంగా మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. స్పెయిన్‌కు ఉత్తరాన, బాస్క్ ప్రాంతంలోని గిపుస్కోవా జిల్లాలో, బిల్బావోకూ శాన్ సెబాస్టియన్‌కూ నడుమ ఒక ఇరుకైన లోయలో ఎయిబార్ అనే పట్టణం ఉంది. అక్కడి జనాభా సుమారు 27 వేలు. ఆ ఊరి క్లబ్బు 2014 నుంచి 2021 వరకు వరుసగా ఏడు సీజన్ల పాటు స్పెయిన్ మొదటి డివిజన్‌లో, అంటే లా లీగాలో, ఆడింది. అంతకుముందు గానీ, ఆ తరువాత ఇప్పటివరకు గానీ ఆ స్థాయికి చేరలేదు.

క్లబ్బు పుట్టింది 1940లో, అంతర్యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది. ఊరిలో అప్పటికే ఉన్న రెండు చిన్న జట్లు కలిసి ఒక్కటయ్యాయి. 1940లలో గిపుస్కోవా ఫుట్‌బాల్ సమాఖ్య బార్సిలోనా జట్టు చొక్కాలను వీరికి ఇవ్వడంతో నీలం, ముదురు ఎరుపు చారలే ఈ క్లబ్బు రంగులుగా స్థిరపడిపోయాయి. క్లబ్బు సొంత మైదానం ఇపురువా 1947లో తెరుచుకుంది. 1953లో తొలిసారి రెండో డివిజన్‌కు ఎక్కి అయిదేళ్లు అక్కడ ఉన్నారు. మళ్లీ ఆ మెట్టు ఎక్కడానికి 1988 వరకు ఆగాల్సి వచ్చింది. ఈసారి మాత్రం ఏకంగా పద్దెనిమిది సీజన్లు, అంటే 2006 వరకు, కదలకుండా రెండో డివిజన్‌లోనే నిలిచారు.

ఎయిబార్ గురించి వచ్చిన వ్యాసాలలో చాలావరకు దీనిని ఒక అద్భుతంగా, జానపద కథలాగా చెప్పి ముగిస్తాయి. నాకు ఆ పద్ధతి నచ్చదు. కథలో రాజకుమారుడు గెలవడానికి కారణం అడగనక్కరలేదు గానీ, ఒక క్లబ్బు ఇరవై ఏళ్ల పాటు తనకంటే ఎన్నో రెట్లు పెద్ద ఊళ్ల జట్ల నడుమ బతికిందంటే దానికి కారణాలుంటాయి. ఆ కారణాలు తెలిసినవారు రాయవలసిందిగా కోరుతున్నాను.

పాత_పటం:

మంచి చర్చ మొదలుపెట్టారు. క్లబ్బు కంటే ముందు ఊరి సంగతి తెలుసుకోవాలని నా అభిప్రాయం. ఎందుకంటే ఎయిబార్ జట్టుకు ఉన్న పేరే "ఆయుధకారులు". ఆ పేరు ఎవరో అభిమాని ఉత్సాహంతో పెట్టింది కాదు. శతాబ్దాలుగా ఆ ఊరి బతుకుతెరువు తుపాకుల తయారీయే. కమ్మరి కొలుములు, గొట్టాలు తొలిచేవారు, పిడులు చెక్కేవారు, ఉక్కు మీద బంగారు తీగ పొదిగే నగిషీ పనివారు, ఇలా ఊరంతా ఒకే కార్ఖానాగా ఉండేది. లోయలో సమతలమైన నేల లేకపోవడం వల్ల ఫ్యాక్టరీలను కూడా అంతస్తుల మీద అంతస్తులుగా కట్టుకున్నారు. కింద యంత్రాలు, పైన కాపురాలు ఉండే భవనాలు అక్కడ వింత కాదు.

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఆయుధాల గిరాకీ పడిపోయినప్పుడు ఈ ఊరు కూలిపోకుండా మరో దారి పట్టింది. తుపాకీ గొట్టాన్ని తొలవగలిగిన చేతికి సైకిల్ చట్రానికి కావలసిన గొట్టం చేయడం కష్టం కాదు. ఓర్బియా, బి.హెచ్., జి.ఎ.సి. అనే సైకిళ్ల కంపెనీలు మూడూ ఆయుధాల తయారీ నుంచి వచ్చినవే, మూడూ ఎయిబార్‌లో పుట్టినవే. 1920లో కార్మికులే సహకార సంఘంగా ఏర్పడి పెట్టుకున్న ఆల్ఫా సంస్థ కూడా తుపాకులతో మొదలై కుట్టుమిషన్లకు మారింది.

రాజకీయంగా కూడా అది తలవంచే ఊరు కాదు. 1931 ఏప్రిల్ 14న స్పెయిన్‌లో రెండో గణతంత్రాన్ని అన్ని ఊళ్లకంటే ముందుగా, తెల్లవారుజామునే ప్రకటించింది ఎయిబారే. దానికి ప్రతిఫలం 1937 ఏప్రిల్‌లో వచ్చింది. గణతంత్రం మీద తిరగబడిన సేనాని ఫ్రాంకో పక్షాన పోరాడుతున్న విమానాలు ఊరిని బాంబులతో ధ్వంసం చేశాయి. గెర్నికా మీద బాంబులు పడింది కూడా ఆ నెలలోనే, ఎయిబార్‌కు కొన్ని మైళ్ల దూరంలోనే. మూడేళ్ల తరువాత, ఇంకా శిథిలాలు పూర్తిగా తొలగని ఊరిలో ఈ క్లబ్బు మొదలైంది. ఉన్నదానితో సర్దుకోవడం, అప్పు చేయకపోవడం, ఒక పనిముట్టు పనికిరాకపోతే దానితోనే మరొకటి చేయడం అనే అలవాట్లు క్లబ్బుకు ఊరి నుంచే వచ్చాయని నేను నమ్ముతాను.

లెక్కల_పద్దు:

పాత_పటం గారు చివర చెప్పిన మాటను పట్టుకుని నేను 2014 నాటి మూలధనం వ్యవహారం గురించి రాస్తాను. ఎయిబార్ చరిత్రలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించే ఘట్టం మైదానంలో కాదు, లెక్కల పుస్తకంలో జరిగింది.

2012–13 సీజన్‌లో ఎయిబార్ మూడో అంచెలో ఉంది. కోచ్ గాయిస్కా గరిటానో, ఒకప్పుడు అదే క్లబ్బుకు ఆడినవాడు. ఆ సీజన్ చివర రెండో డివిజన్‌కు ఎక్కారు. మరుసటి ఏడాది అందరూ వీరు దిగిపోతారని అనుకుంటుంటే, 2014 మే 25న అలావెస్ మీద 1–0తో గెలిచి మొదటి డివిజన్‌కు అర్హత సాధించారు. ఆ డివిజన్ ట్రోఫీ కూడా వారిదే. ఆ సీజన్‌లో రెండో డివిజన్‌లోని అతి తక్కువ బడ్జెట్లలో వీరిది ఒకటి. క్లబ్బుకు అప్పులు లేవు, ఖాతాలలో లాభమే ఉంది.

అయినా వారికి ఒక నోటీసు వచ్చింది. 1999 నాటి ఒక ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం, ప్రొఫెషనల్ డివిజన్లలో ఆడే ప్రతి వాటాల కంపెనీకి, రెండో డివిజన్ క్లబ్బుల సగటు ఖర్చులో నాలుగో వంతుకు సమానమైన మూలధనం ఉండాలి. ఆ సగటు తీసేటప్పుడు అందరికంటే ఎక్కువ ఖర్చు పెట్టిన రెండు క్లబ్బులనూ, అందరికంటే తక్కువ పెట్టిన రెండింటినీ వదిలేస్తారు. ఆ లెక్కన ఎయిబార్‌కు ఉన్న నాలుగు లక్షల పైచిలుకు యూరోలు చాలవు. ఇంకా 17,24,272 యూరోలు కావాలి. గడువు ఆగస్టు 6. అది కట్టలేకపోతే మొదటి డివిజన్ పోవడమే కాదు, మళ్లీ మూడో అంచెకు దిగిపోవలసి వచ్చేది.

ఇక్కడ గమనించవలసింది ఆ సగటు ఎలా పెరిగిందన్నదే. ఇతర క్లబ్బులు తమ స్తోమతకు మించి, చాలాచోట్ల పన్నులు ఎగవేసి మరీ, చేసిన ఖర్చే సగటును పెంచింది. అప్పు చేయని క్లబ్బు, అప్పు చేసినవారి ఖర్చుతో పోల్చి "నీ దగ్గర డబ్బు తక్కువ" అనిపించుకుంది.

ఒక ధనవంతుడికి క్లబ్బును అప్పగిస్తే సమస్య ఒక్క రోజులో తీరిపోయేది. అధ్యక్షుడు అలెక్స్ అరన్సాబాల్, పాలకమండలి ఆ దారి పట్టలేదు. ఒక్కో వాటాను 50 యూరోలకు అమ్మకానికి పెట్టి, ఎవరూ లక్ష యూరోలకు మించి కొనకూడదని పరిమితి విధించారు. అంటే డబ్బు కావాలి గానీ యజమాని అక్కరలేదన్నమాట. ప్రచారం ప్రపంచమంతా పాకింది. ఒకప్పుడు ఇక్కడ ఆడిన షాబి అలోన్సో, డేవిడ్ సిల్వా మద్దతు పలికారు. డజన్ల దేశాల నుంచి వేలాది మంది వాటాలు కొన్నారు. గడువుకు కొన్ని వారాల ముందే, జులైలోనే, కావలసిన మొత్తం సమకూరింది. అలా కొన్నవారిలో ఎక్కువమంది ఆ ఊరిని మ్యాపులో కూడా ఎన్నడూ చూసి ఉండరు.

ఎదురు_ప్రశ్న:

లెక్కల_పద్దు గారి వివరణ బాగుంది గానీ, చట్టాన్ని మరీ దుష్టపాత్ర చేశారనిపించింది. ఆ చట్టం ఎందుకు వచ్చిందో కూడా చెప్పాలి. 1980లలో స్పెయిన్ క్లబ్బులు నిలువునా అప్పుల్లో మునిగిపోయాయి. సభ్యుల సంఘాలుగా ఉన్న క్లబ్బులలో ఎవరికీ వ్యక్తిగత బాధ్యత ఉండేది కాదు. అధ్యక్షుడు ఎన్నికలలో గెలవడానికి ఆటగాళ్లను కొంటాడు, బాకీలు తరువాతి అధ్యక్షుడికి వదిలేస్తాడు. అందుకే 1990 క్రీడా చట్టం ప్రొఫెషనల్ క్లబ్బులను వాటాల కంపెనీలుగా మార్చింది. ఖాతాలు సరిగా ఉన్నాయని రియల్ మాడ్రిడ్, బార్సిలోనా, అథ్లెటిక్ బిల్బావో, ఒససూనా అనే నాలుగింటిని మాత్రమే పాత పద్ధతిలో కొనసాగనిచ్చారు. కనీస మూలధనం అనే నియమం ఆటగాళ్ల జీతాలకు, బాకీలకు ఒక భరోసాగా పెట్టినది. ఆ ఆలోచనలో తప్పు లేదు. ఆచరణలో అది పని చేయలేదన్నది వేరే విషయం. 2010 తరువాత కూడా స్పెయిన్ క్లబ్బులు పన్నుల శాఖకు 70 కోట్ల యూరోలకు పైగా బాకీ పడి ఉన్నాయి.

ఇంకొక మాట కూడా చెప్పక తప్పదు. ఎయిబార్‌కు అదృష్టం కూడా కలిసివచ్చింది. 2014–15 మొదటి సగంలో 19 ఆటలలో 27 పాయింట్లు తెచ్చుకుని ఎనిమిదో స్థానంలో ఉన్న జట్టు, రెండో సగంలో ఎనిమిదే పాయింట్లు తెచ్చుకోగలిగింది. 35 పాయింట్లతో 18వ స్థానంలో నిలిచి నిబంధనల ప్రకారం దిగిపోయింది. గరిటానో రాజీనామా కూడా చేశారు. అప్పుడు ఎల్చే క్లబ్బును పన్ను బాకీల కారణంగా లీగ్ యాజమాన్యం కిందికి దించడంతో ఆ ఖాళీ ఎయిబార్‌కు దక్కింది. మైదానంలో ఎల్చే 13వ స్థానంలో నిలిచిన జట్టు. కాబట్టి "ఏడు సీజన్లు" అని గర్వంగా చెప్పుకునేటప్పుడు వాటిలో ఆరు సీజన్లు ఈ ఒక్క నిర్ణయం మీద నిలబడ్డాయని కూడా గుర్తుంచుకోవాలి.

లెక్కల_పద్దు:

ఎల్చే ఉదంతాన్ని అదృష్టం అనడం నాకు సమ్మతం కాదు. ఎల్చే దిగిపోయింది బాకీలు కట్టనందుకు, ఎయిబార్ మిగిలింది బాకీలు లేనందుకు. ఏడాది ముందు తప్పుడు కొలబద్దతో ఎయిబార్‌ను దాదాపు శిక్షించిన వ్యవస్థ, ఈసారి సరైన కొలబద్దను వాడింది. ఎల్చే అభిమానులకు అన్యాయం జరిగిందనడంలో నాకు అభ్యంతరం లేదు. ఆటగాళ్లు తమ పని తాము చేశారు.

మీరు అదృష్టం అన్న మాటను నేను వేరొకచోట ఒప్పుకుంటాను. 2015 ఏప్రిల్ 30న స్పెయిన్ ప్రభుత్వం టెలివిజన్ హక్కులను లీగ్ అంతా ఉమ్మడిగా అమ్మాలని ఉత్తర్వు తెచ్చింది. అప్పటివరకు ఏ క్లబ్బుకు ఆ క్లబ్బే విడిగా బేరం చేసుకునేది. రియల్ మాడ్రిడ్, బార్సిలోనాలు సింహభాగం తీసుకెళ్లేవి. కొత్త పద్ధతిలో వచ్చిన డబ్బులో 90 శాతం మొదటి డివిజన్‌కు, 10 శాతం రెండో డివిజన్‌కు వెళుతుంది. మొదటి డివిజన్ వాటాలో సగాన్ని అన్ని క్లబ్బులకూ సమానంగా పంచుతారు, మిగతా సగాన్ని గత ఫలితాలను బట్టి, ప్రజాదరణను బట్టి పంచుతారు. మైదానం నిండినా కొన్ని వేల మందే పట్టే క్లబ్బుకు ఇది ఎంతటి మేలో వేరే చెప్పనక్కరలేదు. ఆ వాన మొదలయ్యే సమయానికి ఎయిబార్ సరిగ్గా ఆ డివిజన్‌లో ఉంది. అంతకు ముందే ఉండి ఉంటే ఆ ఆదాయం దక్కేది కాదు.

ఎడమ_వింగ్:

డబ్బు లెక్కల్లో పడి ఆటను వదిలేస్తున్నారు. ఎయిబార్ ఎలా ఆడేది అన్నదే నా వరకు అసలు చరిత్ర.

పద్దెనిమిదేళ్ల రెండో డివిజన్ కాలంలోనే ఈ క్లబ్బుకు ఒక పద్ధతి అలవడింది. పెద్ద క్లబ్బులలో చోటు దొరకని కుర్రాళ్లను ఏడాది పాటు లోన్ మీద తెచ్చుకుని, బురద మైదానంలో ఆడించి, మనిషిగా తయారు చేసి పంపేవారు. శాన్ సెబాస్టియన్ క్లబ్బు రియల్ సొసియెదాద్ నుంచి షాబి అలోన్సో 2000లో అలాగే వచ్చాడు. కొన్ని నెలలకే అతన్ని సొంత క్లబ్బు వెనక్కి పిలిపించుకుని కెప్టెన్‌ను చేసింది. వలెన్సియా నుంచి డేవిడ్ సిల్వా 2004–05లో వచ్చాడు. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లే. ఆ చిన్న శరీరంతో రెండో డివిజన్ డిఫెండర్ల మధ్య ఎలా నెగ్గుకొచ్చాడో గానీ, ఆ ఏడు జట్టు నాలుగో స్థానంలో నిలిచి, తొలి మూడు జట్లకే దక్కే ప్రమోషన్‌ను కొద్దిలో పోగొట్టుకుంది. ఆ జట్టు కోచ్ హోసే లూయిస్ మెండిలిబార్.

ఇంకా వెనక్కి వెళితే హోసే ఎవులోహియో గారాతే ఉన్నాడు. అర్జెంటీనాలో పుట్టి ఎయిబార్‌లో పెరిగి, ఈ క్లబ్బులో మొదలుపెట్టి, అట్లెటికో మాడ్రిడ్‌కు వెళ్లి మూడుసార్లు లీగ్‌లో అత్యధిక గోల్స్ సాధించినవారి జాబితాలో మొదట నిలిచాడు. ఇంజనీరింగ్ చదివినవాడు కనుక అతన్ని "పెనాల్టీ ఏరియా ఇంజనీరు" అనేవారు. కార్ఖానాల ఊరికి అంతకంటే తగిన ఫార్వర్డ్ ఎక్కడ దొరుకుతాడు?

2015లో గరిటానో వెళ్లిపోయాక మెండిలిబార్ మళ్లీ వచ్చాడు. చిన్న జట్లన్నీ గోల్‌పోస్ట్ ముందు గోడ కట్టి ఎదురుదాడి కోసం కాచుకుని ఉంటాయి కదా, ఇతను దానికి పూర్తిగా విరుద్ధంగా ఆడించాడు. డిఫెన్స్ వరుసను మైదానం మధ్య దాకా జరిపి, ఎదుటి జట్టు గోల్‌కీపర్ దగ్గరి నుంచే బంతి కోసం వెంటపడి, దొరకగానే రెండు అంచుల నుంచి క్రాస్‌లు వేయడం అతని పద్ధతి. వెనుక ఖాళీ చాలా ఉంటుంది కాబట్టి ప్రమాదం ఎక్కువే. కానీ ఎదుటివారికి తలెత్తి పాస్ చూసుకునే తీరిక ఇవ్వకపోతే ఆ ఖాళీ వల్ల ఉపయోగం లేదని అతని లెక్క. ఇపురువా లాంటి చిన్న మైదానంలో, జనం గీత పక్కనే ఉన్నట్టు అరుస్తుంటే, పెద్ద జట్లకు ఊపిరి ఆడేది కాదు. 2016–17లో 54 పాయింట్లతో పదో స్థానం, ఆ మరుసటి ఏడాది తొమ్మిదో స్థానం. క్లబ్బు చరిత్రలో అదే అత్యుత్తమం.

2018 నుంచి 2021 వరకు లా లీగా ఆటలు మన దేశంలో ఫేస్‌బుక్‌లో ఉచితంగా ప్రసారమయ్యేవి. మెండిలిబార్ జట్టు చివరి మూడు సీజన్లు నేను వాటి పుణ్యమా అనే చూశాను. 2018 నవంబర్ 24న రియల్ మాడ్రిడ్‌ను 3–0తో ఓడించిన ఆట మధ్యాహ్నపు ఆట కావడంతో మనకు సాయంకాలమే పడింది. ఎస్కలాంతే, ఎన్రిచ్, కీకే గార్సియా గోల్స్ చేశారు. ఆ స్కోరు చూసి మాడ్రిడ్‌కు చెడ్డ రోజు అనుకున్నవారు ఆట చూడలేదని నా అభిప్రాయం. ఎయిబార్ ఆ రోజు ప్రతి బంతికీ ముందుగా చేరింది.

పాత_పటం:

ఎడమ_వింగ్ గారు ఇపురువా గురించి ప్రస్తావించారు కనుక ఒక వివరం చేరుస్తాను. మొదటి డివిజన్‌కు ఎక్కిన నాటికి ఆ మైదానంలో అయిదు వేల పైచిలుకు మందే పట్టేవారు. తరువాత స్టాండ్లను విస్తరించి ఎనిమిది వేలు దాటించారు. కొండవాలులో ఉండడం వల్ల చుట్టూ ఉన్న అపార్ట్‌మెంట్ల బాల్కనీల నుంచి ఆట కనిపిస్తుంది. కరోనా కాలంలో స్టేడియం తలుపులు మూసేసినా, ఆ బాల్కనీల వారు మాత్రం ప్రేక్షకులుగానే మిగిలారు. 2020 మార్చి 10న ఎయిబార్, రియల్ సొసియెదాద్‌ల మధ్య జరిగిన ఆటే ఆ మహమ్మారి సమయంలో ప్రేక్షకులు లేకుండా జరిగిన మొదటి లా లీగా ఆట. సొసియెదాద్ 2–1తో గెలిచింది. రెండు రోజుల తరువాత లీగ్ మొత్తం ఆగిపోయింది.

ఆ రెండు క్లబ్బుల మధ్య బంధం కూడా ఒక వింత. 2014 ఆగస్టు 24న ఎయిబార్ తన తొలి లా లీగా ఆటను అదే సొసియెదాద్‌తో ఆడి, హావి లారా ఫ్రీకిక్ గోల్‌తో 1–0తో గెలిచింది. ఇక సొసియెదాద్ కెప్టెన్ మికెల్ ఒయార్సాబాల్ పుట్టింది ఎయిబార్‌లోనే, 1997లో. 2024 యూరో ఫైనల్‌లో ఇంగ్లండ్ మీద గెలుపు గోల్ కొట్టిన మనిషి అతనే. ఊరి బిడ్డ ఊరి జట్టులో కాక పక్క ఊరి పెద్ద జట్టులో ఎదగడమే చిన్న క్లబ్బుల గతి.

ఎదురు_ప్రశ్న:

అక్కడే నా అసలు సందేహం. బిల్బావో, సొసియెదాద్‌ల మధ్య నలిగే క్లబ్బుకు సొంత ఊరి ఆటగాళ్లు మిగలరు. బాస్క్ ఆటగాళ్లతోనే ఆడతామని అథ్లెటిక్ బిల్బావో పట్టుబట్టి కూర్చుంది కాబట్టి, చుట్టుపక్కల ఎక్కడ మంచి బాస్క్ ఆటగాడు తేలినా మంచి ధర పెట్టి తీసుకెళుతుంది. ఎయిబార్ నుంచి 2018లో ఆందెర్ కాపా, డానీ గార్సియా ఇద్దరూ అక్కడికే వెళ్లారు. ఎయిబార్‌కు అటువంటి నియమం లేదు. జపాన్ ఆటగాడు ఇనుయి వచ్చాడు, సెర్బియా గోల్‌కీపర్ ద్మిత్రోవిచ్ వచ్చాడు. మరి "ఊరి స్వభావం జట్టులోకి వచ్చింది" అన్న వాదన ఎంతవరకు నిలుస్తుంది?

పాత_పటం:

ఊరి స్వభావం ఆటగాళ్ల పుట్టుకలో కాక నడిపేవారి నిర్ణయాలలో కనిపిస్తుందని నేను అనుకున్నాను. లక్ష యూరోల పరిమితి పెట్టింది ఊరివారే. మొదటి డివిజన్ డబ్బు వచ్చాక కూడా గుడ్డిగా జీతాలు పెంచకుండా, ఆ డబ్బును మైదానం విస్తరణకు, శిక్షణ సదుపాయాలకు మళ్లించిందీ వారే. అథ్లెటిక్ రక్తసంబంధాన్ని చూస్తుంది, ఎయిబార్ పనితనాన్ని చూస్తుంది. కార్ఖానాల కాలంలో కూడా ఆ ఊరికి పని కోసం స్పెయిన్ నలుమూలల నుంచి మనుషులు వచ్చి స్థిరపడ్డారు.

అన్నట్టు, అదే అథ్లెటిక్‌ను 2012 డిసెంబర్‌లో, మూడో అంచెలో ఉంటూనే, ఎయిబార్ స్పెయిన్ కప్ పోటీ అయిన కోపా దెల్ రే నుంచి ఇంటికి పంపింది. ఇపురువాలో 0–0, బిల్బావోలో 1–1, బయటి మైదానంలో చేసిన గోల్ లెక్కతో ఎయిబార్ ముందుకు వెళ్లింది. తరువాత రెండేళ్లలో రాబోయేదానికి అదే మొదటి సూచన.

గోల్_కిక్:

ఎక్కడం గురించి అందరూ రాశారు, దిగడం గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తాను.

2020–21లో ఎయిబార్ 30 పాయింట్లతో చిట్టచివరి స్థానంలో నిలిచింది. దానికి కరోనాను మాత్రమే కారణంగా చూపడం నాకు ఒప్పుదల కాదు. ప్రేక్షకులు లేని ఇపురువా ఎదుటి జట్లకు మామూలు మైదానం అయిపోయిందన్నది నిజమే. కానీ జట్టు అప్పటికే ముదిరిపోయింది. హువాన్ జోర్డాన్‌ను 2019లో సెవియాకు అమ్మాక మధ్యలో బంతి నడిపే మనిషి కరువయ్యాడు. మరుసటి ఏడాది ఎస్కలాంతే, చార్లెస్, ఒరెయానా లాంటివారు ఒకేసారి వెళ్లిపోయారు. మెండిలిబార్ పద్ధతికి కుర్ర కాళ్లు కావాలి. ముప్పై దాటినవారితో మైదానం మధ్య దాకా డిఫెన్స్ జరిపితే వెనుక ఖాళీ నిజంగానే ఖాళీ అవుతుంది. గోల్స్ రాక ఎంత ఇబ్బంది పడ్డారంటే, 2021 జనవరిలో అట్లెటికో మీద గోల్‌కీపర్ ద్మిత్రోవిచ్ వచ్చి పెనాల్టీ కొట్టి గోల్ చేశాడు. ఆ ఆట కూడా 1–2తో ఓడిపోయారు.

తిరిగి ఎక్కే అవకాశం మరుసటి ఏడాదే వచ్చింది. 2022 మే 29న చివరి ఆటలో, అప్పటికే దిగిపోవడం ఖాయమైన అల్కోర్కోన్‌ను ఓడిస్తే చాలు. ఇంజురీ టైమ్‌లో గోల్ ఇచ్చి 0–1తో ఓడారు. మిగిలిన ఒక్క ప్రమోషన్ చోటు కోసం ఆడే ప్లే ఆఫ్‌లో జిరోనా మైదానంలో 1–0తో గెలిచి వచ్చి, సొంత మైదానంలో 0–2తో ఓడారు. 2023లో అలావెస్ చేతిలో, 2024లో ఒవియెడో చేతిలో, మళ్లీ మళ్లీ ప్లే ఆఫ్ సెమీఫైనల్‌లోనే ఆగిపోయారు. మెండిలిబార్ మాత్రం ఆ తరువాత 2023లో సెవియాకు యూరోపా లీగ్, 2024లో ఒలింపియాకోస్‌కు కాన్ఫరెన్స్ లీగ్ గెలిపించాడు. ఎయిబార్‌లో ఆరేళ్లు అతను చేసిన పనికి పేరు రావడానికి పెద్ద జెండాలు కావాల్సి వచ్చింది.

మహిళల జట్టును కూడా మరిచిపోకండి. 2020లో మొదటి డివిజన్‌కు ఎక్కి, 2022లో దిగి, 2023లో మళ్లీ ఎక్కింది. పురుషుల జట్టు రెండో డివిజన్‌లో ఉండగా ఎయిబార్ పేరును మొదటి డివిజన్‌లో నిలిపింది వారే.

మైదానం_అంచు:

ఒవియెడో పేరు వచ్చింది కనుక అడుగుతున్నాను. అక్కడ కూడా వాటాల అమ్మకం జరిగిందని విన్నాను. ఎయిబార్‌కు దారి చూపింది వారేనా?

లెక్కల_పద్దు:

కాలక్రమంలో ఒవియెడోయే ముందు. 2012 నవంబర్‌లో మూడో అంచెలో ఉన్న రియల్ ఒవియెడో మూతపడే స్థితికి వచ్చి, సుమారు 19 లక్షల యూరోల కోసం 10.75 యూరోల చొప్పున వాటాలు అమ్మింది. ఆ క్లబ్బులో పెరిగిన కసోర్లా, మాటా, మిచు వాటాలు కొన్నారు. ప్రపంచమంతటి నుంచి అభిమానులు కొన్నారు. చివరకు మెక్సికో కోటీశ్వరుడు కార్లోస్ స్లిమ్ 20 లక్షల యూరోలు పెట్టి ప్రధాన వాటాదారు అయ్యాడు. 2022లో మెక్సికోకే చెందిన పచూకా గ్రూపు పగ్గాలు చేపట్టింది. 2025లో, ఇరవై నాలుగేళ్ల తరువాత, మొదటి డివిజన్‌కు తిరిగి వచ్చారు. నలభై ఏళ్ల కసోర్లా కూడా ఆ జట్టులో ఉన్నాడు.

కానీ పోలిక అక్కడితో సరి. ఒవియెడో పెద్ద నగరపు పాత క్లబ్బు, దుబారాతో చితికి, అభిమానుల డబ్బుతో ప్రాణం నిలుపుకుని, చివరకు పెద్ద పెట్టుబడిదారు చేతికి వెళ్లింది. ఎయిబార్‌కు ప్రాణాపాయం ఎన్నడూ లేదు, అడ్డొచ్చింది నియమం మాత్రమే. పెట్టుబడిదారు లేకుండా ఎయిబార్ ఏడేళ్లు ఉండగలిగింది, తిరిగి ఎక్కలేకపోతోంది. పెట్టుబడిదారు వచ్చాక ఒవియెడో తిరిగి ఎక్కింది. దీనిని చూసి ఎయిబార్ వాటాదారులు ఆ లక్ష యూరోల పరిమితి గురించి ఏమనుకుంటారో ఊహించగలను. నేను వారి స్థానంలో ఉంటే దానిని ఎత్తివేయడానికి ఓటు వేయను.

ఎదురు_ప్రశ్న:

నేనైతే వేస్తాను. రెండో డివిజన్‌లో శాశ్వతంగా ఉండడం కూడా ఒక గౌరవమే గానీ, ఇప్పుడు తమ చుట్టూ అమెరికా, మెక్సికో, గల్ఫ్ డబ్బుతో నడిచే క్లబ్బులు ఉన్నాయి. 2014లో లేని పోటీ ఇది.

లెక్కల_పద్దు:

2014లో కూడా చుట్టూ ఉన్నవారి దగ్గర డబ్బు ఎక్కువే ఉండేది. అది అప్పు తెచ్చిన డబ్బు, ఇది బయటివారి డబ్బు. మాలగాకు 2010లో ఖతర్ నుంచి యజమాని వచ్చాడు. 2013లో ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లిన ఆ క్లబ్బు, పదేళ్లలో మూడో అంచెకు దిగిపోయింది. పరిమితి ఎత్తేసే ముందు ఎయిబార్ వాటాదారులు ఆ కథ ఒకసారి చదువుకోవాలి.

మైదానం_అంచు:

మీ ఇద్దరి వాదనా తేలేది కాదు గానీ, కొత్తగా చూసేవారి కోసం మూడు ఆటలు సూచించగలరా? పూర్తి ఆటలు కాకపోయినా, ముఖ్యాంశాలు దొరికేవి అయితే చాలు.

ఎడమ_వింగ్:

మొదటిది 2018 నవంబర్‌లో రియల్ మాడ్రిడ్ మీద 3–0. మెండిలిబార్ పద్ధతి ఏమిటో ఆ తొంభై నిమిషాలలో పూర్తిగా కనిపిస్తుంది. రెండోది 2017 మేలో బార్సిలోనా మైదానంలో 2–4తో ఓడిన ఆట. ఎయిబార్ తరఫున రెండు గోల్స్ ఇనుయివే, రెండూ చూడదగినవే. ఓడిన ఆటను ఎందుకు సూచిస్తున్నానంటే, 2–0 ముందంజలో ఉండి కూడా ఆ జట్టు వెనక్కి తగ్గి కూర్చోలేదు. మూడోది 2014 మేలో అలావెస్ ఆట. ఆట నాణ్యత గొప్పగా ఉండదు, ఉద్వేగంలో ఇరు జట్లూ తప్పటడుగులు వేశాయి. అయినా ఫైనల్ విజిల్ తరువాత మైదానంలోకి దూకిన జనాన్ని చూడండి, ఇపురువా ఎంత చిన్నదో అప్పుడు అర్థమవుతుంది.

గోల్_కిక్:

అల్కోర్కోన్ ఆట కూడా కలపండి. ఎయిబార్ అభిమానులు ఒప్పుకోరు గానీ, రెండో డివిజన్ చివరి రోజు ఎలా ఉంటుందో తెలియాలంటే అంతకంటే మంచి ఆట లేదు.